రూతు ప్రయాణం

నవంబర్ 7, గురువారం

మంగళగిరిలో అమలమ్మగారింటికి వెళ్లొచ్చాను. హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి మేం ప్యాక్ చేసి పంపాల్సిన బొమ్మ చూశాను. కాల్చిన మట్టితో చేసిన పాప. పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయిన కూతురు రూతు అట. ఒక్క ఫోటో కూడా లేదట. ఎక్కడ మరిచిపోతానో అని భయమేసి ఆ ముఖం మట్టిలో చేసి పెట్టుకున్నానన్నారు.

మెడ దగ్గర వెంట్రుకంత పగులు. గట్టి కుదుపు ఒక్కటి చాలు, విరిగిపోతుంది.

మరి ఎందుకు పంపుతున్నారండీ అని అడిగేశాను. నా నోరు ఊరుకోదు కదా. ఎన్నాళ్లని నేనొక్కదాన్నే చూసుకోనమ్మా, నలుగురూ చూడొద్దా అన్నారు.

నవంబర్ 8

బొమ్మ కోసం చేయించిన చెక్క క్రేట్‌లో దాని బదులు ఇసుక బస్తా పెట్టి కంచికచర్ల దాకా ట్రయల్ వేయించాను. లోపల లాగర్. అగ్గిపెట్టెంత ఉంటుంది, ప్రతి కుదుపుకీ ఒక గీత గీస్తుంది. తిరిగొచ్చేసరికి నిండా పొడుగు గీతలే. డ్రైవర్ జయపాల్‌ని తిట్టాను. స్పీడ్ బ్రేకర్లు నేనేశానా మేడం అన్నాడు. నిజమే. ఇంకా మెత్తటి ఫోమ్ తెప్పించాను.

నవంబర్ 9, శనివారం

రూతుని ప్యాక్ చేశాం. క్రేట్, లోపల లాగర్‌తో సహా, ఆటోనగర్‌లో మా గోడౌన్‌లో ఉంది.

నవంబర్ 11, సోమవారం

పొద్దున్నే ఫోన్‌లో లాగర్ చూశాను. నిన్న మధ్యాహ్నమంతా సన్నటి గీతలు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం. కదలని పెట్టెకి కుదుపేంటి? పక్క షెడ్డులో కంప్రెసర్ అనుకుని వెళ్లి వాళ్ల మీద అరిచాను. ఆదివారం షట్టరే తియ్యలేదండీ అన్నారు. పరువు పోయింది.

వాచ్‌మన్ నతానియేలుని నిలదీశాను. నసుగుతూ చెప్పాడు. అమలమ్మగారు చర్చి అవగానే నేరుగా ఇక్కడికొచ్చారట. పెట్టె పక్కన కూర్చుని జోకొట్టారట. పెద్దావిడని లేవమనలేకపోయాడట.

కోపంగానే ఫోన్ చేశాను. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదండీ అన్నాను. కొత్త చోట దానికి నిద్ర పట్టదమ్మా అన్నారు.

ఏడుపొచ్చింది. లోడింగ్ వాయిదా వేయించాను.

నవంబర్ 12

విలువైన బొమ్మ వెంట ఒక మనిషి వెళ్లాలని మా రూల్. ఆ మనిషిని కొరియర్ అంటాం. నాతోపాటు అమలమ్మగారి పేరు కూడా ఇచ్చాను. ఆవిడకి ట్రైనింగ్ ఉందా అన్నాడు మేనేజర్. ఉందన్నాను.

నవంబర్ 13, దారిలో

బండి ఆగిన చోటల్లా ఆవిడ దిగి, వెనక తలుపు తీయించి, పెట్టె మీద చెయ్యి వేస్తున్నారు. జయపాల్ విసుక్కోవడం లేదు, ఆశ్చర్యం. సూర్యాపేట దాటాక పెద్ద గుంత. జయపాల్ బ్రేక్ వేసేలోపే బండి అందులో పడింది.

లాగర్‌లో ఎర్ర గీత, అంటే కుదుపు హద్దు దాటిందని. ఆవిడకి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

నవంబర్ 14

హైదరాబాద్ ఎగ్జిబిషన్ హాల్లో టెక్నీషియన్ పెట్టె తెరవడానికి డ్రిల్ తెచ్చాడు. వద్దని, స్క్రూలన్నీ చేత్తో విప్పాను. మెడ అలాగే ఉంది. సూపర్ మేడం అని అతను ఒక్క అరుపు అరిచాడు.

మెల్లగా, పాప లేస్తుంది అన్నాను.