కొండ కొసన వేలిముద్ర

కొండ ఆఫీసు గుమస్తా గారికి,

ఇస్త్రీ దుకాణం పెద్దమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను, ఒళ్లు మండిపోతోంది.

నాకు అక్షరం ముక్క రాదు. అందుకని ఇది పక్కింటి పంతులమ్మ చేత రాయిస్తున్నాను. గొడవ కూడా ఆమెతోనే. ముద్దాయి చేతే ఫిర్యాదు రాయిస్తారా అని మీరు నవ్వొచ్చు. ఏం చెయ్యను? మందుల షాపతని రాత అతనికే అర్థం కాదు. కోడలికి పది మాటలు చెబితే రెండు రాసి, "అంతేగా అత్తయ్యా" అంటుంది. పంతులమ్మ అట్లా కాదు. చెప్పింది చెప్పినట్టు రాస్తుంది. తిట్టినా రాస్తుంది, పైగా తిట్టులో ఒత్తు కూడా సరిగ్గా పెడుతుంది.

సంగతి ఇది. మొన్న శని, ఆదివారాలు మేమిద్దరం మీ కొండ ఎక్కడానికి వచ్చాం. చిన్నప్పటి నుంచీ స్నేహితురాళ్లం. "వచ్చే ఏడు ఎక్కుదామే" అని యాభై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. ఆమె బడిలో పాఠాలు చెప్పడం మానేసింది, నా దుకాణం కొడుకు చేతికి వెళ్లింది. ఇప్పుడు కాకపోతే మరెప్పుడు, నలుగురూ మోసుకెళ్లేటప్పుడా?

శనివారం సాయంత్రానికి మీ బస గదికి చేరి, ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ఆమెకి కొత్త బూట్లు, గొడుగు, మడతకుర్చీ, దారి పటం. నాకు రోజూ తొడుక్కునే చెప్పులు. దారి పొడుగునా అన్ని బోర్డులు ఎందుకు పాతారు నాయనా? బోర్డు కనబడితే ఆ మనిషి ఆగిపోతుంది. చెట్టు పేరు చదువుతుంది, దాని మీది పిట్ట పేరు చదువుతుంది. "చెత్త వేయరాదు" అన్నది రెండుసార్లు చదివింది, రెండోసారి నా వంక చూస్తూ. చదువు రానిదాన్ని, చెవులు మూసుకోవడం తప్ప నాకు వేరే దారేముంది?

మూడో మలుపు దగ్గర కొత్త బూటు కరిచింది. బండరాయి మీద కూలబడి, "ఇక నావల్ల కాదే" అంది. నేనొక్కదాన్నే కొసకంటా వెళ్లాను. నలభై ఏళ్లు నిలబడి ఇస్త్రీ చేసిన కాళ్లు ఇవి. మీ కొండ వాటికి ఓ లెక్కా?

కొసన ఇనప పెట్టెలో మీ పుస్తకం ఉంది. ఎక్కినవాళ్లు అందులో పేరు రాయాలట. పక్కనే పొదలో నల్లపండు ఉంటే చిదిమి, బొటనవేలు ముంచి, నేను వేలిముద్ర వేశాను.

నిన్న పోస్టులో సర్టిఫికెట్టు వచ్చింది. ఎవరికి? రాయి మీద కూర్చున్నామెకి! శిఖరం చేరినందుకు అభినందనలట, బంగారు అంచట. దాన్ని ముందుగదిలో తగిలించింది, నా గుమ్మంలోంచి చూస్తే సరిగ్గా కనబడేట్టు. ఆమె పేరు మీ పుస్తకంలోకి ఎలా ఎక్కిందన్నది ఇప్పుడు అనవసరం. నా వేలు ఎందుకు ఎక్కలేదన్నదే అవసరం. నాదీ వెంటనే పంపండి.

ఇట్లు, కోపంగా,
ఇస్త్రీ దుకాణం పెద్దమ్మ (వేలిముద్ర)

తా.క. రాసిన చెయ్యి చెప్పుకునేది: మూడో మలుపు కాదు, ఐదోది. నా పేరు ఎలా ఎక్కిందో నాకూ తెలియదు. కింద గేటు దగ్గర రాసిన పేర్లు చూసి పంపారేమో అనుకున్నాను. మేకు అక్కడ ఉంది కాబట్టి అక్కడ తగిలించాను. – పంతులమ్మ

*

గౌరవనీయులైన ఇస్త్రీ దుకాణం పెద్దమ్మ గారికి,

నమస్కారములు. మీ లేఖ అందినది. శిఖరం పుస్తకంలో పేరు నమోదైనవారికే సర్టిఫికెట్టు పంపుట నియమం. ఆ తేదీ కింద మీ పేరు కనబడలేదు.

అయితే మీ లేఖ వల్ల ఒక మేలు జరిగినది. ఆ తేదీ పేజీని తెప్పించి చూడగా అక్కడ నల్లటి పండ్ల మరక ఉన్నది. మందు రాసి శుభ్రంగా తుడిపించాం. మరకలకు మూలమైన పొదను కూడా కొట్టించాం. మా దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలు.

బోర్డుల విషయమై మీరు చూపిన శ్రద్ధకు సంతోషం. మరో పన్నెండు పెట్టిస్తున్నాం.

విధేయుడు,
గుమస్తా, కొండ కార్యాలయం

తా.క. మరక సులువుగా పోలేదు. మూడు మందులు మార్చాం.

*

గుమస్తాకి,

గారు లేదు. ఈసారికి లేదు.

తుడిచేశారా? మూడు గంటలు ఎక్కి వేసిన వేలిని సీసా మందు పోసి తుడిచేశారా? పైగా మూడు మందులు మార్చానని గొప్పలొకటి! పోకపోతే పోలేదని అక్కడితో ఆగక్కర్లేదా? నీకు పని లేకపోతే నా దుకాణానికి రా, కాలర్లు తోమడం నేర్పిస్తాను.

నలభై ఏళ్లు మరకలతో బతికినదాన్ని నేను. ఏది మరకో ఏది ముద్రో నాకు చెప్పకు. మరక అనుకోకుండా పడుతుంది. వేలు అనుకుని పడుతుంది. ఆ మాత్రం తేడా తెలియని వాణ్ణి పుస్తకం దగ్గర ఎవరు కూర్చోబెట్టారయ్యా? ఆ పొద నీకేం చేసింది?

నా దగ్గర సాక్ష్యం లేదనుకోకు. ఈ ఉత్తరం రాస్తున్న మనిషే సాక్ష్యం. నేను వెళ్లడం చూసింది, తిరిగి రావడం చూసింది. మధ్యలో ఆ రాయి మీద నుంచి కదిలితే ఒట్టు. నా బిస్కట్ల పొట్లం మొత్తం ఖాళీ చేసి, "గాలికి ఎగిరిపోయాయే" అంది. బిస్కట్లు ఎగురుతాయా నాయనా?

సర్టిఫికెట్టు నాకేం తిండి పెట్టదు. కానీ పుస్తకంలో నేనుండాలి. నా పెళ్లిలో, ఇంటి కాగితంలో, కొడుకు బడిలో, అన్నిచోట్లా ఎవరో చూపించిన చోట వేలు వేశాను. ఎవరూ చూపించకుండా నాకై నేను వేసింది ఆ ఒక్కటే. దాన్ని తుడిచావు నువ్వు.

మళ్లీ ఎక్కించు.

ఇట్లు, ఇంకా కోపంగా,
పెద్దమ్మ (వేలిముద్ర – ఇది మరక కాదు)

తా.క. బిస్కట్లు సగం పొట్లమే. కిందికి దిగాక ఆమె బొటనవేలు నల్లగా ఉండటం నేను కళ్లారా చూశాను. బస్సులో నిద్రపోతూ నా తెల్ల రుమాలుకి తుడిచింది కూడా. రుమాలు జత చేద్దామంటే, రాత్రికి రాత్రే ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిచ్చింది. మరక పోయింది. ఆమెకి ఒక్క మందే పట్టింది. – పంతులమ్మ

*

గౌరవనీయులైన పెద్దమ్మ గారికి,

మీ రెండవ లేఖ చదివి పై అధికారి గారు చలించిపోయారు. ఇంత నిజాయితీగల ఫిర్యాదు ఈ కార్యాలయానికి ఎన్నడూ రాలేదన్నారు.

పంతులమ్మ గారు రాయి మీద నుంచి కదలలేదని మీరు ఒట్టు వేసి చెప్పారు. అందువల్ల పుస్తకంలో ఆమె పేరు తప్పుడు నమోదు అగుచున్నది. పదకొండవ నియమం ప్రకారం ఆమె సర్టిఫికెట్టు వెనక్కి తీసుకుని, పేరును ఎర్ర సిరాతో కొట్టివేసి, అదే పేరును గేటు దగ్గర బోర్డు మీద ఒక సంవత్సరం పాటు ప్రదర్శిస్తాం.

మీ విషయం: శిఖరం చేరనివారు శిఖరం గురించి సాక్ష్యం చెప్పుటకు వీలు లేదు. కాబట్టి పంతులమ్మ గారి సాక్ష్యం చెల్లదు. మీ సహకారానికి ధన్యవాదాలు.

విధేయుడు,
గుమస్తా

తా.క. మీ లేఖలు ఆఫీసులో పైకి చదవొద్దని ఆజ్ఞ అయినది. అందుకని భోజన విరామంలో చదువుతున్నాం.

*

గుమస్తా నాయనా,

నీకు దండం పెడతాను, నువ్వు కాస్త నెమ్మదిగా చదువు. విరామంలో వద్దు, ముద్ద నోట్లో ఉంటే నీకు సగమే ఎక్కుతోంది.

నాకు పెట్టమంటే ఆమె కంచం లాగేస్తారా? ఆమెది తీసెయ్యమని నేను అడిగానా? నాది ఇవ్వమన్నాను. అవి రెండూ వేరువేరు మాటలు. ఆమె పేరు బోర్డు మీదా? ముప్పై ఐదేళ్లు పాఠం చెప్పిన మనిషి, ఈ చుట్టుపక్కల సగం మంది ఆమె దగ్గర చెవి మెలి పెట్టించుకున్నవాళ్లే. ఆదివారం ఆదివారం వాళ్లంతా పిల్లలతో కొండకి వస్తారు. వాళ్లు గేటు దగ్గర నిలబడి ఏం చదవాలి? మా టీచరు దొంగ అనా?

అది మా ఇద్దరి తగువు. ఆమెని తిట్టే హక్కు నాది, యాభై ఏళ్లుగా నాది. మధ్యలో నువ్వూ నీ పదకొండో నియమమూ ఎవరు? రాయి మీద కూర్చుందన్నాను గానీ, తర్వాత లేవలేదన్నానా?

ఇట్లు, తల పట్టుకుని,
పెద్దమ్మ (వేలిముద్ర)

తా.క. లేవలేదు. ఆమె చెప్పింది కాబట్టి పైన అట్లా రాశాను. నేను నడిచి వెళ్తుంటే పాత విద్యార్థులు ఆపి, "అంత కొండ ఎక్కారటగా టీచర్" అంటున్నారు. అవునని అనలేక, కాదనీ అనలేక నవ్వుతున్నాను. సర్టిఫికెట్టు దించేద్దామని రోజూ కుర్చీ వేసుకుంటాను, మళ్లీ కుర్చీ తీసేస్తాను. ఎదురుగా కూర్చున్న ఈమెని ఎన్నిసార్లు అడిగినా మాట మారుస్తోంది. దయచేసి మీరైనా చెప్పండి, నా పేరు అక్కడ రాసిందెవరు? – పంతులమ్మ

*

గౌరవనీయులైన పెద్దమ్మ గారికి,

మీ లేఖరి కోరిక మేరకు విచారణ జరిపాం. పంతులమ్మ గారి పేరు, దానికి పైనున్న పేరు ఒకే చేతిరాతలో ఉన్నవి. పైనున్న పేరు ఒక పళ్ల డాక్టరు గారిది. వారికి రాయగా ఇలా జవాబిచ్చారు:

"శిఖరం మీద ఒక పెద్దావిడ నన్ను పిలిచి, ఒక పేరు, ఇంటి చిరునామా చెప్పి రాయమన్నారు. అది మీ పేరేనా అన్నాను. 'చెప్పింది రాయవయ్యా, పన్ను పీకమన్నానా' అన్నారు. రాశాక నాచేత మూడుసార్లు చదివించారు. 'దీర్ఘం పెట్టావా? పెట్టకపోతే ఆమె ఊరుకోదు' అన్నారు. నేను దిగడం మొదలుపెట్టినప్పుడు ఆవిడ ఇంకా పుస్తకం దగ్గరే ఉన్నారు. ఆవిడ కింది దవడలో రెండు పళ్లు చూపించుకోవడం మంచిది."

దీన్నిబట్టి నిజం తేలినది. శిఖరం మీద ఉన్న పెద్దావిడ చెప్పిన పేరు పంతులమ్మ గారిది. కాబట్టి శిఖరం చేరినది పంతులమ్మ గారే. చదువు చెప్పినావిడ సొంత పేరును ఇంకొకరి చేత రాయించుకొనుటకు కారణం ఎత్తులో చేతులు వణుకుట అని భావిస్తున్నాం. ఇక మిగిలినది మీరు. రాయి మీద కూర్చున్నది మీరే అగుచున్నారు.

ఇది ఒప్పుకుంటూ వేలిముద్ర వేసి వారంలోగా పంపితే ఫైలు మూసివేస్తాం, పంతులమ్మ గారి సర్టిఫికెట్టు ఆమె వద్దనే ఉండును. ఒప్పుకోనిచో పదకొండవ నియమం అమలగును.

విధేయుడు,
గుమస్తా

తా.క. మొన్నటి వరకు ఆఫీసంతా మీ వైపే ఉంది. ఇప్పుడు మీ వైపు నేనూ, కాపలాదారూ మిగిలాం.

*

గుమస్తా గారికి,

మీ ఉత్తరం నేనే పైకి చదివి వినిపించాను. ఆమె ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. పళ్ల డాక్టరు మాటల దగ్గర చదవడం ఆపి ఆమె వంక చూశాను.

"చదవ్వేం?" అంది.

"నా పేరు రాయించింది నువ్వా?"

"దుప్పటి ఆ కొస పట్టుకో."

"నువ్వేనా అంటున్నాను."

"ఏడ్చావుగా! అంత వయసొచ్చి రాయి మీద కూర్చుని చిన్నపిల్లలా ముక్కు చీదావుగా! పైకి వెళ్లాక కూడా ఆ మొహమే కనబడింది. చూడలేక రాయించాను. ఇంటికి బంగారు అంచు కాగితం పంపిస్తారని నాకేం తెలుసు? తెలిస్తే చచ్చినా రాయించేదాన్ని కాదు."

"మరి నీ పేరు?"

"నా పేరు వాడెవడో రాసేదేమిటి? నేనే వేలు వేసుకున్నాను. సరే, కలం తీయి. వారమే గడువిచ్చాడు."

తర్వాత ఆమె చెప్పింది మూడు ముక్కలు: "రాయి మీద కూర్చున్నది నేనే. కొస చేరింది పంతులమ్మ. ఫైలు మూసెయ్యి."

అయ్యా, ఇంతవరకు వచ్చిన ఉత్తరాల్లో ఆమె చెప్పిన దాంట్లో నేను అక్షరం మార్చలేదు. నన్ను తిట్టిన చోట కూడా. ఈ ఒక్క ఉత్తరం మాత్రం ఆమె చెప్పింది కాదు. రాయడం అయ్యాక ఆ మూడు ముక్కలే ఆమెకి చదివి వినిపిస్తాను. "బాగుంది" అని వేలు వేస్తుంది. మిగతాది ఏం రాసి ఉందో ఆమెకి తెలియదు, తెలిసే దారీ లేదు.

రాయి మీద కూర్చున్నది నేను. కొస చేరింది ఆమె. సర్టిఫికెట్టు దీనికి జత చేశాను. దించేటప్పుడు మేకు కూడా ఊడి వచ్చింది. నా పేరు ఎర్ర సిరాతో కొట్టండి, గేటు దగ్గర పెట్టండి, ఎన్నాళ్లైనా పెట్టండి. వచ్చి అడిగినవాళ్లకి నేనే చెప్పుకుంటాను. కింద ఉన్న వేలిముద్రని కత్తిరించి, మీరు తుడిచిన చోటే అంటించండి.

ఇట్లు,
తప్పు ఒప్పుకుంటూ,
పంతులమ్మ

పెద్దమ్మ (వేలిముద్ర) (వేలిముద్ర)

తా.క. "నేను చెప్పింది మూడు ముక్కలేగా, ఇంత పొడుగేమిటే?" అని అడిగింది. ఆఫీసు ఉత్తరాల్లో మర్యాదలు ఎక్కువుంటాయని చెప్పాను. "నన్ను రాయి మీద కూర్చోబెట్టడానికి ఇంత మర్యాదా?" అని మండిపడి, రెండోసారి ఇంకా గట్టిగా వేలు వేసింది. రెండింట్లో ఏది బాగా పడిందో చూసి అది పుస్తకానికి వాడుకోండి. మిగిలింది మీ ఫైలుకి.