రాళ్ల వెనక ఇనుము

జూన్ 3
స్కూలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఇవాళ్టికి వారం. ఆరు వారాలు కట్టు ఉంచాలట. లెక్కల టీచర్ని కదా, రోజులు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. తమ్ముడు వచ్చి తన పాత లాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు. అందులో ఒక గేమ్. గెలవడం, ఓడటం ఉండదట. కట్టుకుంటూ పోవడమేనట. ఇంత వయసొచ్చి ఇంకా బొమ్మలాటలేమిట్రా అని నవ్వాను.

జూన్ 5
ఏడు గంటలు ఆడాను.

జూన్ 8, మధ్యాహ్నం
కొండలో మూడు యంత్రాలు పెట్టాను. ఒకటి రాయి తవ్వుతుంది, ఒకటి బొగ్గు, ఒకటి ఇనుము. మూడూ ఒకే బెల్ట్ మీద పోస్తాయి. బెల్ట్ ఇంటిదాకా వస్తుంది. దారిలో ఒక్కో సరుకుకి ఒక్కో పెట్టె. దేనిది అది లాక్కుంటుంది. గంటసేపు ముచ్చటగా నడిచింది. తర్వాత మొత్తం ఆగిపోయింది.

వెతగ్గా వెతగ్గా దొరికింది. రాళ్ల పెట్టె నిండిపోయింది. ముందున్న రాయికి వెళ్లే చోటు లేదు. దాని వెనకే ఇనుము ఇరుక్కుపోయింది. ఇనుము కోసం కొలిమి ఎదురుచూస్తోంది. స్పీడ్ బెల్ట్ వేసి చూశాను. ఈసారి ఇంకా త్వరగా ఆగిపోయింది!

జూన్ 9
అత్తయ్య భోజనం తెచ్చి పెట్టి, వెళ్లకుండా నిలబడ్డారు. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు బస్ డిపోలో కంట్రోలర్. కిందటేడే రిటైరయ్యారు. నాకు పెళ్లయి నాలుగేళ్లయినా మా ఇద్దరి మాటలూ గ్యాసు, నీళ్లు, తాళాలు దాటి పోలేదు.

అదేమిటని అడిగారు. చెప్పాను. ప్లాట్‌ఫాం ఖాళీ లేకపోతే బస్సుని గేటుకి అడ్డంగా ఆపేస్తారా ఎవరైనా, ఒక చుట్టు తిరిగి రమ్మంటారు గానీ, అన్నారు. ప్లేటు తీసుకుని వెళ్లిపోయారు. నేనింకా తినలేదు. మళ్లీ తెచ్చిచ్చారు.

జూన్ 10
బెల్ట్‌ని గుండ్రంగా తిప్పి కలిపాను. చోటు దొరకని రాయి ఆగకుండా చుట్టూ తిరిగి వస్తోంది. ఇనుము కదిలింది. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు?

జూన్ 11
ఒకటి ఇక్కడైనా రాయాలి. స్కూలు దగ్గర ఒక చిన్న ఫ్లాట్ చూసుకున్నాం, ఆయనా నేనూ. వేరే ఉందామని. కాలు విరగకపోతే ఈపాటికి అత్తయ్యకి చెప్పేసేవాళ్లం. చెప్పేది ఆయనే అనుకున్నాం. ఇవాళ అడిగితే, కట్టు విప్పనీ అన్నారు. కట్టు నా కాలికి, నోటికి పడింది మాత్రం ఆయనకి.

జూన్ 13
మళ్లీ ఆగింది. చుట్టంతా రాళ్లే. తిరగడానికి కూడా చోటు లేదు. అత్తయ్య చూసి నవ్వారు. ఆవిడ పళ్లు కనబడేలా నవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

తప్పు రోడ్డుది కాదన్నారు. అసలు బయలుదేరనివ్వడమే తప్పట. అక్కడ చోటుందని కబురొస్తేనే ఇక్కడ బండి కదలాలట. గేమ్‌లో కబురు పంపే వైరు ఉంది, నేనే దాని జోలికి పోలేదు. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. మూడు గంటలు పట్టింది. పెట్టె సగం నిండగానే రాళ్ల యంత్రం ఆగిపోతుంది. సరుకు వాడుకుంటే మళ్లీ మొదలవుతుంది. బెల్ట్ సగం ఖాళీగా కనిపిస్తుంది, కానీ పని రెట్టింపు. ఇద్దరం చాలాసేపు చూస్తూ కూర్చున్నాం.

జూన్ 17
పొద్దున లేచేసరికి లాప్‌టాప్ నా దగ్గర లేదు. హాల్లో అత్తయ్య దగ్గర ఉంది.

జూన్ 22
రోజూ ఏదో అడుగుతున్నాను. పొగమంచు రోజుల్లో ఏం చేసేవారు, డ్రైవర్ రాకపోతే ఏం చేసేవారు. అన్నీ చెబుతారు. డ్యూటీలో ఎప్పుడైనా మీరే బస్సెక్కి ఎక్కడికైనా పోవాలనిపించిందా అని అడిగాను. బొగ్గు అయిపోతోంది చూడు అన్నారు.

జూన్ 26, సాయంత్రం
జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆయన ఆఫీసు నుంచి రాగానే అత్తయ్య ఇద్దర్నీ కూర్చోమన్నారు. మూడు వారాల కిందట ఫ్లాట్ బ్రోకర్ ఇంటికి ఫోన్ చేశాడట. నేను పడుకుని ఉన్నానని ఆవిడే ఎత్తారట. ఆయన ఏదో నసిగారు. ఆవిడ చెయ్యెత్తి ఆపి, నేను వెళ్లి చూసొచ్చాను అన్నారు.

మీ ఇద్దరికీ ఇరుకు, రేపు పిల్లలు పుడితే మరీ ఇరుకు, అన్నారు. నాకైతే సరిగ్గా సరిపోతుంది. పుట్టింట్లో ఎనిమిది మందిమి, అత్తగారింట్లో పదకొండు మందిమి, తర్వాత మీరు. ఒక్కదాన్నే ఉంటే ఎలా ఉంటుందో ఒక్కరోజు కూడా చూడలేదు. చూడాలనుంది. మీరు ఇక్కడే ఉండండి, ఆ ఇల్లు నాకివ్వండి, అన్నారు.

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మేము తప్పు చేశామా అమ్మా అన్నారు. ఆవిడ విసుక్కున్నారు. తప్పొప్పుల సంగతి కాదు, ఆశ సంగతి చెబుతున్నానన్నారు. మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని నేనడిగాను. నాలుగేళ్లుగా మీరెలా చెప్పలేదో నేనూ అలాగే అన్నారు.

ఆవిడ లేని ఇల్లు కావాలని నాలుగేళ్లు అనుకున్నదాన్ని. ఇప్పుడు వెళ్లొద్దు అనాలనిపిస్తోంది. అనలేదు.

జూలై 9
కట్టు విప్పారు. కాలు పుల్లలా అయింది.

జూలై 20
అత్తయ్య వెళ్లారు. రెండు పెట్టెలు, ఒక మంచం, లాప్‌టాప్. తమ్ముడికి నేనే సర్దిచెప్పుకోవాలి.

ఆగస్టు 2
స్కూలు నుంచి నడుచుకుంటూ వెళ్లి అత్తయ్య తలుపు తట్టాను. లోపల్నుంచి ఎవరది అన్నారు.

ప్లాట్‌ఫాం ఖాళీ ఉందా అత్తయ్యా అన్నాను.