పడవ కింద ఎన్ని నీళ్ళు

ఏప్రిల్ 9, బుధవారం
సెన్సర్ వచ్చింది. గుప్పెడంత నల్ల ముక్క, దానికో వైరు, చిన్న తెర. నీళ్ళలోకి చప్పుడు పంపి, అది అడుగున తగిలి తిరిగొస్తే విని, పడవ కింద లోతెంతో చెబుతుందట. మా ఆవిడ మబ్రూకకి చూపించాను. చూసి, ఉల్లిపాయలు తరుక్కోడానికి పోయింది.

పోయిన వేసవిలో ఆటుకి నీళ్ళు వెనక్కి పోయి, ఇద్దరం ఎక్కిన పడవ ఇసుకలో దిగబడిపోయింది. ఎవరో చేపలాయన ఆమెను వీపున మోసి ఒడ్డుకి చేర్చాడు. ఊరంతా చూసింది. పెళ్ళాన్ని బస్తాలా దింపించావు, కింద నీళ్ళెన్నో తెలియని మనిషి పడవ నేనెక్కను పో, అంది. అప్పట్నించీ ఆదివారాలు ఒక్కణ్ణే పోతున్నా. చేపలు పడతాయి. చూపించడానికి పక్కన ఎవరూ ఉండరు. రమ్మని అడగడం నాకు చేతకాదు.

ఏప్రిల్ 11
పడవ వెనక గోడకి, అడుగున బిగించాను. నీళ్ళలో ఉండేచోట చిల్లు పెట్టాలిగా, రెండుసార్లు కొలిచాను. టేపు అంటించి డ్రిల్లు పెట్టాను. చిల్లుల నిండా జిగురు కూరాను.

కాఫీ కొట్లోంచి మెకానిక్ తిజానీ అరిచాడు. బాబాయ్, మన కెర్కెనా దీవుల్లో సముద్రం మోకాలి దాకానేగా, ప్యాంటు మడిస్తే తెలిసేదానికి మిషనెందుకూ, అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 12
ఆగి ఉంటే సరిగానే చెబుతోంది. ఇంజన్ వేస్తే అంకెలు గంతులు. రెండు మీటర్లు, పదకొండు, ఉత్త గీతలు. తిజానీ వచ్చి చూశాడు. నీళ్ళు చిలికే ఇంజన్ ఫ్యాను పక్కనే పెడితే ఆ నురగలో దానికేం వినపడుద్ది బాబాయ్, మీ పెళ్ళి డప్పుల్లో నీ మాట ఎవరికైనా వినపడిందా, అన్నాడు. లేదు, నిజమే. పాత చిల్లులు పూడ్చి, జానెడు కుడికి జరిపాను.

ఏప్రిల్ 15
అంకె నిలబడింది. భోజనం దగ్గర, మిషన్ బాగా పనిచేస్తోంది, అన్నాను. ఉప్పు అందించింది.

ఏప్రిల్ 18
ఆదివారం గాలి ఉంటుందా అని అడిగింది. ఉండదన్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం
వచ్చింది! చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. తెర ముందు కూర్చుని అంకెలు పైకి చదివింది. మీటరున్నర. మీటరుం పావు. మీటరు, అంటుండగానే పడవ ముక్కు ఇసుకలో గుచ్చుకుంది.

నేను తలెత్తలేదు. ఆమె తెర చూసింది. వెనక్కి వంగి ఆ నల్ల ముక్కని చూసింది. ముందుకి పోయే పడవకి కళ్ళు పిర్రలకి పెట్టావేంటయ్యా, అంది. అని నవ్వడం మొదలెట్టింది. ఎంతకీ ఆపదే. తెడ్డు పుచ్చుకుని తనే నెట్టింది.

ఏప్రిల్ 27
మబ్రూక ముక్కు దగ్గర కూర్చుంది, తెడ్డు నీళ్ళలో దించి. ఆగమంటే ఆగాను. తిప్పమంటే తిప్పాను. మిషన్ వెయ్యలేదేం, అని అడిగింది. ముందున్నది తెడ్డు చెబుతుంది, దాటొచ్చింది కూడా తెలియాలిగా, అంది.
వేశాను.