సిక్స్‌జీ సాబ్‌కు అమ్మీ పిలుపు

సోమవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది! 6జీ కోసం సర్కారు వేస్తున్న ప్రణాళిక మీద వచ్చే వారం సమావేశం. మా ల్యాబ్ తరఫున మాట్లాడేది నేనే! ఆ ఫోన్ వచ్చినప్పుడు వంటింట్లో ఉన్నాను. ఎప్పటిలాగే సిగ్నల్ ఆ మందపాటి గోడ దాటక మాట తెగిపోతుంటే బాల్కనీలోకి పరుగెత్తి విన్నాను.

"సిక్స్‌జీ, సిక్స్‌జీ అని గంతులేస్తున్నవ్, ఎవరు బేటా ఆ సాబ్?" అంది అమ్మీ.

నవ్వాపుకోలేకపోయాను. మనిషి కాదు, 5జీ తర్వాత రాబోయే నెట్‌వర్క్ అని చెప్పాను.

"అట్లనా! అయితే జెర మన వంటింట్లకు సుత రమ్మను."

అప్పట్నుంచి ఒకటే గుబులు. నా స్లైడ్లలో డ్రోన్లున్నాయి, ఉపగ్రహాలున్నాయి. అమ్మీ వంటింటి గోడ మాత్రం ఎక్కడా లేదు. దాంతోనే మొదలుపెడితే ఢిల్లీలో నవ్వుతారేమో...

నవ్వనీ.