దుంగకి పైన

ఎస్కలాంటే, యూటా

ఆర్లన్ అన్నయ్యా,

మేమిద్దరం బతికే ఉన్నాం. ఊరు చేరగానే నీకీ ఉత్తరం రాస్తున్నాను.

ఇరుకు లోయలో గోడల మధ్య దుంగ ఇరుక్కుని కనిపిస్తే, దానికన్నా పైనే పడుకోమన్నావు కదా. మాకు ఇంటి కప్పంత ఎత్తున ఒకటి కనిపించింది.

"పాదం మునగని వాగుకి ఇంత భయమా? మీ అన్నయ్య ఎడారిలో పడవ కొంటాడేమో!" అని మా ఆయన లోవెల్ ఇసుకలోనే గుడారం వేశాడు. నేను అలిగి దుంగకి పైనున్న రాతి అరుగెక్కాను. బతిమాలి దించడానికి తనూ ఎక్కాడు.

నెత్తిన ఒక్క మబ్బు లేదన్నయ్యా! ఎక్కడ కురిసిందో, ఎర్రనీళ్లు గోడలా వచ్చిపడ్డాయి.

నీళ్లు తగ్గాక చూస్తే దుంగ లేదు. అదే చోట, అంతెత్తున, మా గుడారం ఇరుక్కుని ఉంది.

నీ చెల్లెలు