బావ బండి మోత

ఆ పాత ఇనుము వాడిని పంపింది నువ్వేనని నాకు తెలీదనుకున్నావా అక్కా? తోపుడు బండి, తాళ్లు, కాటా, వెనకాల ఇద్దరు మనుషులు. పొద్దున్నే శవాన్ని మొయ్యడానికొచ్చినట్టు మొహాలేసుకుని గేటు ముందు నిలబడ్డారు. "అమ్మగారు ఫోన్ చేశారు, మోటారు సైకిలు తీసుకెళ్లమన్నారు" అన్నాడట. నేను వరండాలోకి వెళ్లి బండి సీటెక్కి కూర్చున్నా. "తూకం వేసుకో, కాకపోతే నన్నూ కలిపి వెయ్యి" అన్నా. వాడు నన్ను పైనుంచి కిందదాకా చూసి, "మీకైతే రేటు తక్కువ పలుకుద్దండి" అన్నాడట. మీ మరదలు తలుపు పట్టుకుని నవ్వడం చూసి, ఏమన్నాడో తర్వాత అడిగి తెలుసుకున్నా. చివరికి టీ తాగించి పంపేశా. వెళ్తుంటే వాడి తోపుడు బండిలో సైడ్ స్టాండు స్ప్రింగొకటి కనపడింది. సరిగ్గా మనకి కావలసిందే. అడిగితే ఊరికే ఇచ్చేశాడు. బండిని పట్టుకుపోదామని వచ్చినవాడు దానికే కాలు అతికించి పోయాడు. ఇంకోసారి పంపేప్పుడు, వెనక బ్రేకు కేబులున్నవాణ్ణి చూసి పంపు.

సరే, ముందు రాయాల్సింది వెనక పడిపోయింది. పెద్దదానివి, దండాలు. ఇక్కడ నేనూ, మీ మరదలూ, బండీ, ముగ్గురం బాగానే ఉన్నాం. నీ హాస్టల్లో నువ్వూ, నువ్వు రోజూ తిట్టి పెంచే ఆడపిల్లలూ బాగుండాలి, నీ మోకాలు ఇంకొంచెం బాగుండాలి. ఈ కాగితం అడుగున 'ఇట్లు' ముందే రాసి పెట్టుకున్నా. నీకు ఆపడం తెలీదురా అని పోయినసారి తిట్టావు కదా. ఆ గీత దాకా రాజ్యం నాది, మధ్యలో మాట్లాడకు.

నువ్వడిగినవాటికి జవాబులు. వంటగది కప్పు కారడం తగ్గింది, ఎందుకంటే వాన తగ్గింది. మీ మరదలు బీపీ మాత్రలు వేసుకుంటోంది, నా మొహం కనపడినప్పుడల్లా ఇంకోటి వేసుకోవాలనిపిస్తోందట. మిల్లులో ఎలా ఉందని అడిగావు, అది కాస్త తర్వాత చెప్తా. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి మరదలి చేతిలో పెట్టేస్తావేంట్రా, నా మీద కోపమా అనడిగావు. అదీ తర్వాతే. కోపం మాత్రం కాదు. నీ మీద కోపం తెచ్చుకోవడానికి నాకు వయసు చాలదు.

ముందు బండి సంగతి విను. బావ పోయాక నువ్వు ఇల్లు ఖాళీ చేసి ఆ ఉద్యోగానికి వెళ్లేప్పుడు దాన్ని మా వరండాలో పెట్టి, గోనెపట్టా కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కావు. ఇన్నాళ్లకి ఆ పట్టా లాగితే లోపల ఒక ఎలక సంసారం. గాలి పీల్చే డబ్బాలో పిల్లల్ని పెట్టింది. టాంకు నిండా తుప్పు. గొలుసు బిగుసుకుపోయి ఊచలా నిలబడింది. ఇంజన్ని కదపబోతే అది కదల్లేదు, నా నడుం కదిలింది.

మెయిన్ రోడ్డు మీద పెద్ద మెకానిక్ ఉన్నాడు, అద్దాల షాపు. వాణ్ణి పిలిచి చూపిస్తే చెయ్యి కూడా పెట్టలేదు. చెప్పు కొసతో చక్రాన్ని తట్టి, ముక్కు చిట్లించి, దీని ఖర్చుతో కొత్తది వస్తుందని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం పారెయ్యలేదు. మంచి దళసరి కాగితం. క్లచ్ మూత కింద వెయ్యడానికి గాస్కెట్టుగా కత్తిరించా. ఇప్పుడు వాడి మాట ఆయిల్లో నానుతూ, కారకుండా ఆపుతోంది. వాడివల్ల అయిన ఉపకారం అదొక్కటే.

డబ్బు లేదుగా, అందుకని వస్తువు ఇచ్చి వస్తువు తెచ్చుకున్నా. ఎదురింటి టైలర్ కుట్టుమిషను బాగు చేస్తే, ఎవరి సోఫాకో వేసి మిగిలిన రెక్సిన్‌తో సీటు కుట్టిచ్చాడు. కూర్చుంటే డ్రాయింగ్ రూంలో ఉన్నట్టే ఉంటుంది. మిల్లువాళ్లు సర్వీసుకి బహుమానంగా ఇచ్చిన వాచీ ఇచ్చేసి పిస్టన్ రింగులు తెచ్చా. టైం తెలుసుకుని నేను వెళ్లాల్సిన చోట్లు ఏమున్నాయి గనక? టాంకులో కిరసనాయిలు పోసి, గుప్పెడు నట్లు వేసి, ఒళ్లో పెట్టుకుని వారం రోజులు ఊపా. మీ మరదలు గుమ్మంలో నిలబడి, "మన పిల్లని ఒక్కరోజు ఇలా ఊపిన పాపాన పోలేదు" అంది. నిజమే. మన పిల్లకి తుప్పు పట్టలేదు కదా అన్నా.

రంగు వేసేవాడు టాంకు మీద సొట్ట చూసి మూసేస్తానన్నాడు. ముట్టుకుంటే ఊరుకోనని చెప్పా. బావ చెప్పకుండా బండేసుకుని పోయి రెండు రోజులకి తిరిగొచ్చిన నాడు, నువ్వు ఆయన మీదకి విసిరిన గరిటె సొట్ట అది. గురి తప్పింది గాని విసురు మాత్రం గొప్పది. దాని మీదుగానే రంగు వేయించా. చేత్తో తడిమితే ఇప్పటికీ అక్కడ నువ్వే ఉన్నావు.

అద్దాల షాపువాడు వద్దన్నాడు. మిల్లులో మా సూపర్‌వైజరు నవ్వాడు. నువ్వు ఇనుము వాణ్ణి పంపావు. అయినా పోయిన మంగళవారం బండి స్టార్టయింది అక్కా! పొగ చూసి టైలర్ బకెట్టుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆర్పడానికేం లేదు, ఆనందమే అని చెప్పి పంపా.

మరి ఫోన్ చేసి వినిపించలేదేం అంటావు. నువ్వు పెట్టిన షరతు నేను మర్చిపోలేదు. "ఒరేయ్, సందు మొదట్లో ఉండగానే ఆయన బండి మోత తెలిసిపోయేది, టీకి నీళ్లు పెట్టేదాన్ని. ఆ మోతే మళ్లీ నాకు ఫోన్లో వినిపించు, బండి ఉంచుకో. వేరే మోతైతే నాకొద్దు, తూకానికిచ్చెయ్. నడవని బండినైనా ఓర్చుకుంటా గాని, ఎవడిదో బండిలా మోగితే ఓర్చుకోలేను" అని రాశావు. న్యాయమైన మాట. ఒప్పుకున్నా. నెలల తరబడి ఆ మోత వినిపించే ఫోన్ రాకపోయేసరికి నావల్ల కాలేదనుకుని ఇనుము వాణ్ణి పంపావు. తప్పు నీది కాదు. ఇంతసేపూ పక్కనుంచి నడిపించుకొచ్చిన మాట ఇప్పుడు ఎదురుగా నిలబెడుతున్నా, చూడు.

హారన్ కథతో మొదలుపెడతా, నవ్వొచ్చేది ముందు చెప్తే మంచిది.

కొత్త బ్యాటరీ బిగించిన రోజు, హాండిల్లో వైరేదో రాసుకుని హారన్ అంటుకుంది. ఆగకుండా మోగుతోంది. నేను దానికి జానెడు దూరంలో కూర్చుని మడ్‌గార్డుని గరుకు కాగితంతో రుద్దుకుంటున్నా. హాయిగా ఈల కూడా వేస్తున్నానట. కాసేపటికి నేల మీద నీడలు పడ్డాయి. తలెత్తితే వీధి వీధంతా గేటు దగ్గర ఉంది. ఆడవాళ్లు చెవులు మూసుకుని ఉన్నారు. టైలర్ మెళ్లో టేపుతోనే గోడ దూకి వచ్చి వైరు పీకేశాడు. పీకాక వాళ్లందరి మొహాలు మారిపోయాయి. నన్ను చూసి తిట్టబోయినవాళ్లు తిట్టకుండా వెళ్లిపోయారు. మోగింది హారనని అప్పుడు తెలిసింది నాకు. నిజం చెప్పనా, ఏదో మోత వస్తోందని తెలుస్తూనే ఉంది. రోజూ నా చెవిలో ఉండే హోరే అనుకున్నా.

కుడి చెవి పూర్తిగా పోయింది అక్కా. ఎడమదాన్లో మిగిలింది హోరే. మిల్లు తినేసింది. మిషన్ల మధ్య ముప్ఫై ఏళ్లు నిలబడితే ఏదో ఒకటి ఇచ్చి రావాలి, పక్కవాడు వేళ్లిచ్చాడు, నేను చెవులిచ్చా. డాక్టరు చెవులకి డొప్పలు తగిలించి, వినపడినప్పుడు చెయ్యెత్తమన్నాడు. మర్యాదకి రెండుసార్లు ఎత్తా. చెవి మిషనూ పెట్టి చూశారు, హోరే మరికాస్త గట్టిగా వినపడింది. అందుకని దానికి డబ్బు పంపుతానని మొదలుపెట్టకు. మిల్లులో నన్ను మిషన్ల దగ్గర్నుంచి తీసేసి స్టోర్లో కూర్చోబెట్టారు, బోల్టులు అందించే పని. సూపర్‌వైజరు నా భుజం తట్టి, వినపడదని గట్టిగా నోరు తెరిచి, "ఇంక ఇంజన్ల జోలికి పోకు పెద్దాయనా" అన్నాడు. అంతా అర్థమైంది, 'పెద్దాయనా' అనే మాటతో సహా. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి గోనెపట్టా లాగేశా.

మీ మరదలితో మాత్రం, స్టోర్లోకి మార్చారంటే నాకు ప్రమోషనే అని అబద్ధం చెప్పా. హారన్ రోజున పక్కన కూర్చుని, నేను చూసేలా మొహం తిప్పి, నెమ్మదిగా అంది. "నాకు ఏడాది నుంచీ తెలుసు. వెనకనుంచి పిలిస్తే తిరగరు. మొదట పొగరనుకున్నా. పొగరైతే కొత్త కాదు గదా అని వదిలేశా. ఒకసారి పాలు పొంగుతుంటే అరిచా, పక్కనే ఉండి పేపరు తిప్పారు. అప్పుడు తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తారని చూశా" అంది.

ఇప్పుడు నువ్వు ఏడుస్తావు. ఏడవకు. ఏడిస్తే నాకు వినపడదు, వృథా. చెవిటివాడు ఇంజన్ పని ఎలా చేశాడ్రా అనడుగు, అది చెప్తా. స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి పళ్లతో కరిచిపట్టుకుంటే లోపల జరిగేదంతా పుర్రెలోకి వస్తుంది. బేరింగు గరగర, వాల్వు కొట్టుకోవడం, గొలుసు వదులు, అన్నీ. చెవులతో విన్నప్పటికంటే దగ్గరగా తెలుస్తుంది. మీ మరదలు మాత్రం, బండికి ముద్దు పెట్టే మొగుణ్ణి నేను తప్ప ఎవరు భరిస్తారు అంటోంది. భుజం తట్టిన ఆ సూపర్‌వైజరు ఇప్పుడొచ్చి చూస్తే బాగుండు. నేను ఇంజన్ల జోలికి పోలేదు, ఇంజనే నా నోట్లోకి వచ్చింది.

కానీ పళ్లకి ఒక్కటి తెలీదు. ఇంజన్ బాగుందో లేదో తెలుస్తుంది. వచ్చేది బావో కాదో తెలీదు.

అక్కడే ఆగిపోయా. టైలర్‌ని అడిగితే బొటనవేలు ఎత్తుతాడు, వాడికి కుట్టుమిషను మోత తప్ప ఏది విన్నా ఒకటే. మీ మరదలు చెవి గట్టిదే. "అన్నయ్యగారి బండి నడుస్తూ నడుస్తూ మధ్యలో గొంతు సవరించుకునేది. ఇది మరీ బుద్ధిమంతుడిలా పోతోంది" అంది. దాంతో కార్బురేటర్ స్క్రూ పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పుతూ వారం గడిపా. తిప్పడం, ఆమె మొహం చూడటం. నిన్నటికి పెదవి విరవడం మానేసి తల పక్కకి వంచింది. అదీ ఒప్పుకోవడమో కాదో నాకు తెలీదు. ఆ మోత పూర్తిగా తెలిసినది భూమ్మీద నువ్వొక్కదానివే. అందుకని అడుగుతున్నా, బతిమాలడం కాదు, పని అప్పజెప్పడం. నా చెవులుగా నువ్వుండాలి. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాం. నేను కిక్కు కొడతా, మీ మరదలు ఫోన్ సైలెన్సర్ దగ్గర పెడుతుంది. నువ్వు విను. కాదనిపిస్తే ఎక్కడ కాదో చెప్పు, దగ్గు తక్కువా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం తక్కువా అని. ఆమె కాగితం మీద రాసి చూపిస్తుంది, నేను స్క్రూ తిప్పుతా. మళ్లీ విను, మళ్లీ తిప్పుతా. ఆదివారాలు నాకు చాలా ఉన్నాయి. తూకానికి మాత్రం ఇవ్వను. నువ్వు నీ హాస్టల్ పిల్లలందర్నీ వెంటేసుకొచ్చి లాక్కెళ్లినా ఇవ్వను.

ఈ ఏర్పాటు మీ మరదలికి నచ్చలేదు. "ఉత్తరం ఎప్పుడు చేరాలి, ఆదివారం ఎప్పుడు రావాలి? ఇప్పుడే చేసి వినిపించెయ్యొచ్చుగా" అంటుంది. ఫోన్ చెయ్యాలంటే ముందు చెవుల సంగతి చెప్పాలి, అది నోటితో చెప్పడం నావల్ల కాదు, రాతలో అయితే చెప్పగలను అన్నా. ముఖం తిప్పుకుని వెళ్లింది. ఈ మధ్య ఆమె వాలకం కూడా అనుమానంగానే ఉంది. బండి దగ్గరికి వెళ్తే చీర పాడవుతుందనే మనిషి, నిన్న చూస్తే కుడి చెప్పు అడుగున గ్రీజు. ఏంటని అడిగితే వినపడనట్టు వెళ్లిపోయింది. ఆ విద్య నాది కదా, ఎప్పుడు నేర్చుకుందో.

ఇంకా నీ మోకాలికి ఆ నూనె

ఆగు. గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. బల్ల మీద మోచెయ్యి కూడా. నేను ఇక్కడ కూర్చుని ఉంటే వరండాలో కిక్కు కొట్టిందెవరు?

మీ మరదలే. కిటికీలోంచి కనపడుతోంది. కొంగు నడుముకి చుట్టి, ఫోన్ సైలెన్సర్ దగ్గర పట్టుకుని, పొగలో వంగి నిలబడింది. ఎవరికి చేసిందో చెప్పాలా? ఇంత రాతా రాసి నేను దాచుకున్నదంతా రెండు నిమిషాల్లో చెప్పేసుంటుంది. నీళ్లు ఒకే లయలో కదులుతున్నాయి అక్కా, కదిలి, కాస్త తగ్గి, మళ్లీ, అదిగో మధ్యలో ఒకసారి ఎగిరాయి. అదేనా గొంతు సవరించుకోవడం?

గుమ్మంలోకి వచ్చింది. ఫోన్ ఎత్తి చూపిస్తోంది. కళ్లలో నీళ్లున్నాయి, నోరేమో నవ్వుతోంది. చేత్తో రమ్మంటోంది. నాకు కనపడేలా ఒక్కో మాటా విడదీసి చెప్తోంది, మీ అక్క, టీకి నీళ్లు పె

ఇట్లు,
నీ మాట వినని తమ్ముడు