ముందు పళ్ళు చూపించుకో

చెల్లీ,

ఫోన్లో మాట్లాడితే అమ్మ పక్కనే ఉంటుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

వీసా వచ్చిందని గంతులేస్తున్నావట. సంతోషమే. కానీ పెట్టె సర్దే ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. నొప్పేం లేదక్కా అనకు. పుచ్చినవన్నీ బాగు చేయించుకో. కళ్ళు కూడా చూపించుకుని రెండు జతల అద్దాలు తెచ్చుకో.

ఇక్కడ పనిలో చేరగానే ఆరోగ్య బీమా కార్డు ఇస్తారు. జ్వరమొచ్చినా కాలు విరిగినా చూస్తారు. ఆ కార్డు దృష్టిలో పళ్ళూ కళ్ళూ మాత్రం ఒంట్లోవి కావు. నా ముందరి పన్ను సలిపి మొహం వాచాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. "పన్ను నిలబెట్టాలంటే మీ రెండు నెలల జీతం అవుతుంది. పీకడమైతే చవక, ఇప్పుడే పీకేస్తాం" అంది ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి. పీకించుకుని, మధ్యాహ్నానికల్లా లాండ్రీకి వచ్చి హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేశాను. ఏడాది తిరిగేసరికి పక్క పన్నూ అదే దారి పట్టింది.

ఫోటోల్లో పెదాలు బిగించుకుని నిలబడుతున్నానని, విదేశం వెళ్ళాక నాకు పొగరెక్కిందని అమ్మ అంటోందట కదా. అననీ. అలా అనుకోవడమే నయం.

ఇంకొక్క మాట. విమానాశ్రయంలో నిన్ను చూడగానే నవ్వు ఆపుకోవడం నా వల్ల కాదు, మూడేళ్ళ తర్వాత నోరు తెరిచి నవ్వేస్తాను. అప్పుడు నువ్వు మాత్రం ఏడవకు.

అక్క